దినుసులు మారినా తురుము మారకూడదు

వేరే దేశపు వంట ఇంట్లో చేద్దామనుకోగానే ముందు దినుసుల జాబితా చూస్తాం. మన బజారులో దొరకనిది అందులో ఒక్కటి కనిపించినా ఇది మనకు అయ్యే పని కాదని వదిలేస్తాం. పట్టుదల ఉన్నవాళ్లు ఆ ఒక్కటీ ఎంత ధరైనా పెట్టి తెప్పిస్తారు, మిగతా పనంతా మాత్రం తమకు అలవాటైన పద్ధతిలో కానిచ్చేస్తారు. కరీబియన్ దీవుల్లో, ముఖ్యంగా ప్యూర్టో రికోలో, పచ్చి అరటికాయతో కాచే సూప్ విషయంలో ఈ రెండు దారులూ తప్పే. అందులో దినుసుల్ని చాలావరకు మార్చుకోవచ్చు. మార్చకూడనిది చేతిపని. కాయను సన్నగా తురమాలి, ఆ తురుమును కడగకుండా, పిండకుండా మరుగుతున్న స్టాక్‌లో కలపాలి, నిదానంగా ఉడికించాలి. ఈ సూప్‌ను ఇంట్లో చేయాలనుకునేవాళ్లు శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడేనని నా వాదన.

పని చెప్పుకోవడానికి చిన్నదే. ఉల్లిపాయ, వెల్లుల్లి, కారం లేని మిరపకాయలు, కొత్తిమీర, రెకావ్ అనే రంపపు అంచుల పొడవాటి ఆకు కలిపి నూరిన ముద్దను అక్కడ సోఫ్రీతో అంటారు. రెకావ్‌ది కొత్తిమీర వాసనే, కాకపోతే ఇంకా ఘాటు. ఈ ముద్దను నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించి, కోడి ఎముకలతో గానీ గొడ్డుమాంసంతో గానీ కాచిన స్టాక్ పోస్తారు. లీటరున్నర స్టాక్‌కు రెండు పెద్ద కాయలు సరిపోతాయి. స్టాక్ తెర్లుతుండగా తురుమును కొంచెం కొంచెంగా వేస్తూ గరిటెతో తిప్పుతూ ఉండాలి. ఒక్కసారే కుమ్మరిస్తే ఉండ కడుతుంది. తరువాత సన్నటి సెగ మీద ఇరవై నిమిషాల నుంచి అరగంట. నిమ్మరసం దించాకే పిండాలి, పులుపు ముందే వేసి చాలాసేపు మరిగిస్తే చిక్కదనం సడలుతుంది. కొందరు తురుములో ఉప్పు, వెల్లుల్లి కలిపి చిన్న ఉండలు చేసి అదే స్టాక్‌లో ఉడికిస్తారు.

ఇంత చిన్న పనిలో తురుముకు అంత ప్రాధాన్యం ఎందుకంటే, పచ్చి అరటికాయలో నీరు పోగా మిగిలేది దాదాపు అంతా పిండిపదార్థమే. కాయ పండేకొద్దీ అది చక్కెరగా మారుతుంది. అందుకే పసుపు తిరిగిన కాయ వేస్తే సూప్ తియ్యగా అవుతుంది గానీ చిక్కబడదు. తురిమినప్పుడు కాయలోని కణాలు చిట్లి పిండి రేణువులు బయటికి వస్తాయి. వేడి సుమారు 70 డిగ్రీల సెల్సియస్‌కు చేరేసరికి అవి నీళ్లు పీల్చి ఉబ్బి సూప్‌ను చిక్కబరుస్తాయి. మన వంటిళ్లలో జరిగేది దీనికి తలకిందులు. వేపుడుకు తరిగిన ముక్కలు నల్లబడకూడదని ఉప్పునీళ్లలోనో పలుచటి మజ్జిగలోనో వేస్తాం. ముక్కకు అంటిన పిండి ఆ నీళ్లతోనే పోతుంది. వేపుడు పొడిపొడిగా రావాలంటే అది మంచిదే. అదే అలవాటుతో తురుమునూ నీళ్లలో వేసి పిండితే, సూప్‌ను చిక్కబరిచే సరుకే కాలవ పాలవుతుంది. తొక్క తీసేటప్పుడు బంక అంటకుండా చేతులకు నూనె రాసుకోవచ్చు, తొక్క తీసిన కాయను ఉప్పునీళ్లలో ఉంచవచ్చు. తురిమాక మాత్రం నీళ్లు తగలకూడదు. రంగు మారుతుందని బెంగ ఉంటే, స్టాక్ తెర్లడం మొదలయ్యాకే తురమడానికి కూర్చోవాలి.

ఇక దినుసుల సంగతి. ఈ సూప్‌లో అచ్చంగా ఆ దీవి మట్టిదని చెప్పగలిగేది చాలా తక్కువ. అరటి పుట్టుక ఆగ్నేయాసియా, న్యూ గినియా ప్రాంతాలది. అక్కడి నుంచి ఎప్పుడో ఆఫ్రికా చేరింది. 1516లో తోమాస్ దె బెర్లాంగా అనే క్రైస్తవ సన్యాసి కెనరీ దీవుల నుంచి అరటిని ప్యూర్టో రికో పక్కనున్న హిస్పానియోలా దీవికి తెచ్చాడని ఆనాటి స్పానిష్ చరిత్రకారుడు ఒవియేదో రాశాడు. కోడి, ఉల్లి, వెల్లుల్లి, కొత్తిమీర, నిమ్మ అన్నీ ఓడలెక్కి వచ్చినవే. అమెరికా ఖండాల సొంత సరుకు మిరప, రెకావ్, రంగు కోసం కొందరు వేసే జాఫ్రా గింజలు. ఆ జాఫ్రా ఇప్పుడు మన విశాఖ మన్యంలోనూ పండుతోంది. అరటి ప్యూర్టో రికోలో పేదల తిండిగా పాతుకుపోవడానికి కారణం రుచి కాదు. తోటల యజమానులకు బానిసల కడుపు నింపే చౌక పంట కావాలి, ఏడాది పొడవునా కాసే అరటి అందుకు పనికొచ్చింది. 1873లో బానిసత్వం రద్దయ్యేదాకా ఆ మనుషులకు ఏ దినుసు పండించాలో, ఏది తినాలో ఎంచుకునే వీలు పెద్దగా లేదు. చేతికొచ్చిన కాయను ఎలా దంచాలో, ఎలా ఉడికించాలో మాత్రం వాళ్లకు తెలుసు. రోట్లో అరటికాయను దంచి చేసే మొఫోంగో అనే వంటకం పశ్చిమ ఆఫ్రికాలో దంచి ముద్దగా చేసే ఫుఫు సంప్రదాయం నుంచి వచ్చిందన్నది వంటల చరిత్ర రాసేవాళ్లు చాలామంది ఒప్పుకునే మాట. 1905 ప్రాంతంలో రామోన్ ఫ్రాదె అనే చిత్రకారుడు పచ్చి అరటిగెలను రెండు చేతులా మోసుకొస్తున్న ముసలి కొండరైతును గీసేనాటికి, బయటి నుంచి వచ్చిన ఆ కాయ దీవికి గుర్తుగా నిలిచిపోయింది. దినుసులను ఓడలు తెచ్చాయి, వంటను చేతులు తయారుచేశాయి.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. దినుసులన్నీ మార్చుకోవచ్చంటే, రెకావ్ బదులు కరివేపాకు, నిమ్మ బదులు చింతపండు వేసి, ఆవాలు మిరపకాయలతో తాలింపు పెట్టి దాన్నే కరీబియన్ సూప్ అంటామా? అనకూడదు, అది అరటికాయ పులుసు. మార్పుకు ఒక హద్దుంది: తీసేసిన దినుసు చేసే పనే, దాని చోట వేసింది కూడా చేయాలి. రెకావ్ పని ఘాటైన పచ్చి వాసన ఇవ్వడం, కొత్తిమీర కాడలతో సహా కాస్త ఎక్కువ వేస్తే ఆ పని నడుస్తుంది. మాంసం తిననివాళ్లు కూరగాయల స్టాక్ వాడితే లోతు తగ్గుతుంది గానీ స్వభావం చెడదు. కాయ విషయంలోనూ అంతే. అక్కడ వాడేది ప్లాంటెయిన్ తరగతి కాయ, మన దగ్గర నేంద్రం దానికి దగ్గర చుట్టం. కూరకు వాడే బొంత అరటి వేరే తరగతిదైనా పిండి పుష్కలం, గట్టి పచ్చికాయైతే సూప్ బాగానే చిక్కబడుతుంది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకైతే అసలు కాయే లాటిన్ అమెరికన్ సరుకుల దుకాణాల్లో దొరుకుతుంది.

రెండో అభ్యంతరం ఎదురు దిక్కు నుంచి వస్తుంది: పద్ధతికి అంత పట్టింపు ఎందుకు, మిక్సీలో వేస్తే నిమిషంలో పని అయిపోదా? సమాధానం క్యూబా వంటింట్లోనే ఉంది. అక్కడ కొన్ని ఇళ్లలో పచ్చికాయను చక్రాలుగా తరిగి, ముందు నూనెలో వేయించి, ఆ తరువాత స్టాక్‌లో ఉడికించి మెదుపుతారు. జీలకర్ర, నిమ్మ కూడా వేస్తారు. కాయ అదే, స్టాక్ అదే. కానీ వేపుడులో నీరు ఇగిరిపోయి, అంచులు ఎర్రబడి, కమ్మటి మాడు రుచి వస్తుంది. ప్యూర్టో రికో సూప్‌లోని లేత పచ్చిదనం ఇందులో ఉండదు. చేతిపని మారితే వంటే మారిపోతుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. మిక్సీ కూడా అలా ఇంకో చేతిపనే. నీళ్లు పోసి మెత్తగా తిప్పితే నాలుకకు తగిలే పలుకంటూ మిగలదు, సూప్ పశువుల కుడితిలా ఒకే ముద్దగా సాగుతుంది. పదిమందికి వండేవాళ్లు మిక్సీని ఆపి ఆపి, నీళ్లు లేకుండా, రవ్వలా విరిగేదాకా తిప్పుకుంటే నాకు అభ్యంతరం లేదు. తురుము లక్షణం నిలిస్తే చాలు, పరికరం ఏదైనా ఒకటే. మొక్కజొన్న పిండి కలపడం మాత్రం వేరే సంగతి. దానితో చిక్కదనం వస్తుంది గానీ అరటి రుచి రాదు.

ఈ వాదనకు ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. సీమ సరుకుల దుకాణంలో రెకావ్ కోసం పెట్టే డబ్బు మిగిలించుకోండి. ఆ శ్రద్ధ కాయను ఎంచుకోవడంలో పెట్టండి: తొక్క అంతటా ఆకుపచ్చగా ఉండాలి, నొక్కితే లొంగకూడదు. మిగిలిన సూప్ చల్లారాక గడ్డకడితే పాడైందనుకోకండి, పిండి బిగుసుకోవడం దాని సహజం. కాసిన్ని వేడినీళ్లు పోసి మళ్లీ కాస్తే సరి. ఏ దేశపు వంటకైనా ఇదే ప్రశ్న వేసుకుని మొదలుపెట్టడం మంచిదని నా ఉద్దేశం: ఇందులో కొన్నది ఏది, చేసినది ఏది? కొన్నదానికి ప్రత్యామ్నాయం వెతుక్కోవచ్చు. చేసినదాన్ని నేర్చుకోవలసిందే.