పార: ఒక అనువాద సమస్య

పార అంటే ఏమిటో తెలుగువానికి చెప్పనక్కరలేదు. వెడల్పయిన ఇనుపరేకు, దానికి అడ్డంగా బిగించిన కర్ర. పలుగుతో గట్టినేలను పెకలించడం, పారతో ఆ మట్టిని తనవైపు లాగి తట్టకెత్తడం మన కూలివాని పని వరుస. అందుచేతనే ‘పలుగూ పారా’ అన్న జంటమాట కాయకష్టానికే గుర్తుగా నిలిచినది. ఇంత పరిచితమైన మాట అనువాదకుణ్ణి చిక్కుల్లో పెట్టగలదంటే ఆశ్చర్యంగానే ఉంటుంది.

మొదటి చిక్కు సోదరభాషల నుండి వస్తుంది. తమిళంలో ‘పారై’, మలయాళంలో ‘పార’, కన్నడంలో ‘హారె’ మన పారకు జ్ఞాతులే. కాని అక్కడ అవి నిలువు ఇనుపకడ్డీకి, అంటే మన గునపానికి పేర్లు. తెలుగులో ఆ అర్థం ‘గడ్డపార’ అన్న సమాసంలో మాత్రమే మిగిలినది. ఒకని పనిని చాటుగా చెరచడాన్ని మలయాళీలు ‘పార వయ్క్కుక’ అంటారు. దానిని ‘పార పెట్టడం’ అని దించితే మన పాఠకునికి ఏమీ తోచదు. ‘వెనుక గోతులు తవ్వడం’ అంటే వెంటనే బోధపడుతుంది. శబ్దం ఒక్కటైనంత మాత్రాన వస్తువు ఒక్కటి కాదు.

రెండవ చిక్కు నిఘంటువు నుండి వస్తుంది. ఆంగ్లపు ‘స్పేడ్’కు అది ‘పార’ అని అర్థమిస్తుంది. కాని స్పేడ్‌ను పాదంతో నేలలోకి అదిమి మట్టిని పైకెత్తుతారు. పారను చేతులతో ఎత్తివేసి తమవైపు లాగుతారు. ఐర్లండు కవి షేమస్ హీనీ 1966 నాటి తొలి ప్రధాన సంపుటంలోని ‘డిగ్గింగ్’ కవితలో తండ్రి బంగాళాదుంపల చాళ్లలో తవ్వుతుంటాడు; బూటు స్పేడు అంచుపై ఆని ఉంటుంది. తనకు ఆ పనిముట్టు అబ్బలేదు గనుక కలంతోనే తవ్వుతానంటాడు కొడుకు. అక్కడ ఉత్తగా ‘పార’ అని వ్రాస్తే ఆ పాదానికి చోటుండదు.

ఇంత చిన్న మాటకు ఇంత వాదమా అని ఆక్షేపించవచ్చును. ఉన్నదున్నట్లు చెప్పడాన్ని ఆంగ్లంలో స్పేడ్‌ను స్పేడ్ అనడమంటారు. ఆ పలుకుబడియే ఒక అనువాద దోషం. ప్లూటార్క్ గ్రీకులో ఉన్నది తొట్టి. ఎరాస్మస్ దానిని లాటిన్‌లో తవ్వే పనిముట్టుగా మార్చగా, 1542లో నికొలస్ యూడల్ ఆంగ్లంలోకి స్పేడ్‌గా తెచ్చినాడు. వస్తువులను సరియైన పేరుతో పిలువుమనే సామెత తప్పు పేరుతోనే జీవిస్తున్నది!

అయితే ఆ సామెతకు కావలసినది ఏదో ఒక మోటు వస్తువు. దానితో ఎవరూ తవ్వరు. హీనీ కవితలో తవ్వకమే సర్వస్వం. పనిముట్టు పేరు కేవలం గుర్తుగా ఉన్నచోట పొరపాటు చెల్లిపోతుంది. దాని వెనుక మనిషి శ్రమ ఉన్నచోట చెల్లదు.

పరిష్కారం కొత్తపదం కల్పించడం కాదు. ‘పార’ను విడువనక్కరలేదు, ‘కాలితో అదిమి’ అన్న క్రియను విడువరాదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో వెలువరించిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటం ఇటువంటి మాటలకు ప్రాంతానికొక రూపాన్ని చూపి మనకు ఎంతో మేలు చేసినది. అయినా కోశం పేరును మాత్రమే అందించగలదు. ఆ పనిముట్టు పట్టిన మనిషి ఎట్లా నిలుచున్నాడో, ఎటు వంగినాడో అనువాదకుడే చూడవలసి ఉన్నది.