చల్లారిన పులుసులో మంట

నెల్లూరు చేపల పులుసు మొదటిసారి తిన్నవాళ్లు సాధారణంగా ‘నిప్పులా ఉంది’ అంటారు. కొందరు గిన్నెలో ఎరుపు చూసి అంటారు, కొందరు ముక్కూ కళ్లూ కారాక అంటారు. మా వాకాడు వైపు వండేవాళ్లకు ఈ రెండూ రెండు వేర్వేరు లెక్కలు.

ఎరుపు వేరు, మంట వేరు. ముడతలు పడ్డ బ్యాడగి మిరప కూరను ఎర్రగా మెరిపిస్తుంది కానీ నాలుకను పెద్దగా బాధపెట్టదు. గుంటూరు సన్నాలకు, తేజకు ఘాటు ఎక్కువ. కారం ఆడించేటప్పుడు ఏ రకం ఎంత కలపాలో తెలిసినవాళ్లు రంగును ఒకదానితో, మంటను ఇంకోదానితో తెచ్చుకుంటారు. హోటళ్లలో చాలాసార్లు ఈ తూకమే తప్పుతుంది. ‘నెల్లూరు’ అని బోర్డు పెట్టగానే చేప రుచి కూడా తెలియనంత కారం కుమ్మరిస్తారు.

మిరప కాలుస్తుందన్న మాటలో అతిశయోక్తి లేదు. శరీరంలో వేడిని పసిగట్టే నరాల మీద ఒక తలుపు లాంటిది ఉంది. దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే అది తెరుచుకుని, కాలుతోందని మెదడుకు కబురు పంపుతుంది. మిరపలోని క్యాప్సైసిన్ తెరిచేదీ ఆ తలుపునే. 1997లో దీన్ని గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. పక్షుల్లో ఆ తలుపు మిరపకు లొంగదు. చిలకలు పండు మిరపకాయలను జామపండులా తినేది అందుకే.

పులుపు ఆ తలుపును ఇంకా వదులు చేస్తుంది. ఇక మన పులుసు సంగతి చూడండి. చింతపండు, మామిడికాయ ముక్కలు, కారం, పైగా పొయ్యి మీది వేడి. అన్నీ కలిసి ఒకే చోట తోస్తాయి. దించగానే తిన్నవాడికి చెమటలు పట్టడంలో వింతేముంది? రాత్రి వండి దాకలోనే ఉంచేసి మర్నాడు తినాలని పెద్దవాళ్లు చెప్పేవారు. ముక్కకు ఉప్పూ పులుపూ పట్టడానికే అనుకునేవాణ్ణి. వేడి పక్కకు తప్పుకోవడంతో అదే కారం నెమ్మదిస్తుందని తర్వాత చదివి తెలుసుకున్నాను.

ఇంకొక సంగతి, క్యాప్సైసిన్ నూనెలో కరుగుతుంది, నీళ్లలో దాదాపు కరగదు. పైన తేలిన నూనెలోనే ఘాటంతా పోగవుతుంది. ముక్కలు చెదరకుండా గరిటె పెట్టక దాకను పట్టి తిప్పుతారు కదా, వడ్డించే ముందు ఆ తిప్పడం మరిస్తే మొదట తిన్నవాడికి ఏడుపు, చివర తిన్నవాడికి చప్పిడి. మంట పుట్టాక చెంబెడు నీళ్లు తాగినా లాభం లేదు. పెరుగన్నం కలుపుకోవాలి. పాలలో ఉండే కేసీన్ ఆ ఘాటును పట్టి లాగేస్తుంది.

ఇంత చేసి మిరప మనది కాదు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు అమెరికా ఖండం నుంచి మోసుకొచ్చిన పంట. 1620ల్లో ఇంగ్లీషువాళ్లు మా పక్కన దుగరాజపట్నంలో వర్తకం మొదలుపెట్టేనాటికి ఈ దేశంలో అది ఇంకా కొత్త సరుకే. అంతకుముందు మన వంటల్లో ఘాటు మిరియాలది. ఆ మిరియాలు తట్టేదీ ఆ తలుపునే.

కాబట్టి మా వైపు భోజనానికి వచ్చే మిత్రులకు నాదొక మనవి. కారం తగ్గించి వండమని అడక్కండి. ఒకరోజు ఆలస్యంగా రండి.