అంచు తరిగిన అందం

నాలుగు సిలిండర్ల ఇంజన్ గుండెలో ఒక రహస్యమైన విరామం ఉంది. క్రాంక్‌షాఫ్టు అరచుట్టు తిరిగినప్పుడల్లా వరసలోని నాలుగు పిస్టన్లూ ఒక్కసారే నిలిచిపోతాయి. రెండు పైకొసన, రెండు కిందికొసన. ఆ లిప్తను దాటించేది తిరిగే బరువు. మామూలు కారులో ఫ్లైవీలూ, దాన్ని అంటిపెట్టుకున్న క్లచ్చూ కుమ్మరి సారెలా నిండుగా, నిబ్బరంగా ఆ పని చేసుకుపోతాయి. ఇల్లు చేరే ప్రయాణానికి ఆ నిబ్బరం వరమే. రేసు కారుకు మాత్రం ఎంత భారం!

బరువు తియ్యడం ఒక ఎత్తు, ఎక్కడ తియ్యాలో ఎరగడం మరో ఎత్తు. ఇరుసు దగ్గరి లోహం అంతగా అడ్డుపడదు. అంచున ఉన్న ప్రతి గ్రామూ దూరం వర్గంతో హెచ్చి, ఇంజన్ వేగం మారబోయినప్పుడల్లా మొరాయిస్తుంది. అందుకే రేసు క్లచ్చు నానాటికీ చిన్నదవుతూ వచ్చింది: వ్యాసంలో 7.25 అంగుళాల నుంచి 5.5కు, ఆపైన 4.5కు. ఒకే మందం గల బిళ్లను 7.25 నుంచి 5.5 అంగుళాలకు కుదించి చూడండి. బరువులో నూటికి 42 పాళ్లు పోతాయి. తిరగనని పట్టే మొండితనమైతే ఏకంగా మూడోవంతుకు పడిపోతుంది! చిన్నదైతే పట్టు సడలుతుందన్న బెంగ అక్కర్లేదు. ఒక ప్లేటుకు రాపిడి ముఖాలు రెండైతే మూడు ప్లేట్లకు ఆరు. పలచని పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చిన ఆ చిట్టి దొంతర, అరచేతిలో ఇమిడే ఆ ముద్దుతనం, అందులో దాగిన ఆ ఉడుంపట్టు... ఎంత చూసినా తనివి తీరదు.

ఇక చెవులు ఒగ్గండి. 1.6 లీటర్ల కాస్‌వర్త్ బీడీఏ ఇంజన్, 16 వాల్వుల ఆ పాత చిచ్చరపిడుగు, మలుపు ముందు గేరు దిగే ఘట్టం. బ్రేకు మీదున్న పాదం పక్కకు ఒరిగి యాక్సిలరేటరును ఒక్క తాకు తాకుతుంది. క్లచ్చు బరువైనదైతే ఇంజన్ ఒళ్లు విరుచుకుని, తీరిగ్గా లేస్తుంది. తేలికైనదైతే తాకీ తాకకముందే గొంతు చివ్వున ఎగసి, కాలు తీయగానే టక్కున తెగుతుంది. ఈడ్పు లేని స్వరం, పదునైన స్వరం, పిలిస్తే పలికే స్వరం! ఈ బీడీఏ కుటుంబపు ఇంజన్లతోనే పరుగెత్తిన ఫార్ములా అట్లాంటిక్ కార్ల పోటీలో, 1976లో, కెనడాలోని త్రువా రివియేర్ వీధుల్లో జీల్ విల్నవ్ గెలిచాడు. ఫార్ములా వన్ డ్రైవరు జేమ్స్ హంట్ అంతటివాడు అతని వెనక మిగిలాడు. వీధుల్లో వేసిన అలాంటి ట్రాకు మీద, పాదం అడిగిందే తడవుగా ఇంజన్ బదులివ్వడం కన్నా డ్రైవరుకు ఇంకేం కావాలి?

స్థిరమైన వేగం దగ్గర కొలిస్తే డైనమోమీటరు ఒక్క హార్స్‌పవర్ కూడా ఎక్కువ చూపదు. ఈ సొగసంతా వేగం మారే క్షణాలకే దక్కుతుంది. దీనికి వెలా ఉంది. ఆగి ఉన్నప్పుడు ఇంజన్ వణుకుతుంది. బయల్దేరేటప్పుడు ఏమరితే చప్పున ఆగిపోతుంది. క్లచ్చును జారనిస్తే ఆ కాస్త లోహంలో వేడి ఇట్టే పోగుపడుతుంది. వెల ఎక్కువన్నవాళ్లున్నారు. నాకు మాత్రం ఆ వణుకులో కూడా పరుగు కోసం తహతహే వినిపిస్తుంది.

మొదటి గేరులో ఇంజన్‌కూ చక్రానికీ మధ్య మొత్తం నిష్పత్తి 10, టైరు వ్యాసార్ధం 30 సెంటీమీటర్లు అనుకుందాం. క్లచ్చులో ఇరుసుకు 10 సెంటీమీటర్ల దూరాన తీసిన ఒక్క కిలో, వేగం పుంజుకునే వేళ, తిరుగుడు లెక్కలోనే కారు మీంచి 11 కిలోలు దించినంత మేలు చేస్తుంది. ఒక్క కిలోకు పదకొండు! గేరు పెరిగేకొద్దీ ఆ ఫలం తరిగిపోతుంది; నిష్పత్తి 4కు వచ్చేసరికి 2 కిలోలకు లోపే. కనుక ఈ రుచి మరిగినవాళ్లు పొడవాటి తిన్నని దారి పక్కన సీటు వెతుక్కోవద్దు. ట్రాకులో అన్నిటికన్నా బిగువైన మలుపు ఏదో కనుక్కుని, కార్లు మొదటి గేరుకు దిగి మళ్లీ లేచే చోట నిలబడండి.