యూనిఫాం ఎవరి కొలతకు కుట్టారు?

జూన్ నెల వచ్చిందంటే మా గల్లీల్లో కుట్టుమిషన్లు అర్ధరాత్రి దాకా ఆగవు. నీలం లాగులు, తెల్ల చొక్కాలు, గళ్ల కమీజులు. ఊళ్లో సగం మంది పిల్లల కొలతలు మా అబ్బాల నోటుబుక్కుల్లో ఉంటాయి. ఎవరి పిల్లాడు ఏడాదిలో ఎన్ని అంగుళాలు పెరిగాడో మాకు తెలుసు. కాజాలు తీసేది, గుండీలు కుట్టేది మా అమ్మీలు. యూనిఫాం గురించి మాట్లాడటానికి మాకంటే హక్కున్నవాళ్లు ఎవరు?

యూనిఫాం పిల్లలందర్నీ సమానం చేస్తుందంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. రెండు జతలతో ఏడాది వెళ్లదీసే ఇళ్లలో పుట్టినవాళ్లం. పండక్కి కుట్టించిన ఒక్క మంచి జత బడిలో చిరిగిపోతుందన్న భయం తప్పించింది యూనిఫామే. కానీ మా గల్లీలోనే టై, బెల్టు, బూట్లతో బస్సెక్కే పిల్లాడున్నాడు. సర్కారు ఇచ్చిన వదులు చొక్కాతో, హవాయి చెప్పులతో నడిచిపోయే పిల్లాడున్నాడు. ఇద్దరివీ యూనిఫాంలే. బడి లోపల చెరిపేశామన్న తేడాని బజార్లో దండోరా వేసి చెప్పేదీ ఆ గుడ్డే.

ఇక మతం సంగతి. కార్తీకం వస్తే క్లాసులో ఇద్దరు ముగ్గురు నల్లబట్టల్తో, మెడలో మాలతో, చెప్పుల్లేని కాళ్లతో వచ్చేవాళ్లు. ఆ 41 రోజులు సార్లు కూడా వాళ్లని ‘స్వామీ’ అనే పిలిచేవాళ్లు. బెత్తం వాళ్ల దాకా వచ్చేది కాదు. మాకు దాని మీద ఏ కోపమూ లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. వాళ్ల పక్కనే కూర్చుని లెక్కలు చేశాం. నల్లచొక్కా వల్ల ఎవరికీ ఎక్కం తప్పలేదు. బడి కూలిపోలేదు. (మాల వేసుకుంటే రానివ్వమన్న బళ్లూ ఉన్నాయి. వాటి ముందు ధర్నాలు జరగడమూ చూశాం.)

రంజాన్ మర్నాడు మా చెల్లెళ్లు మెహందీ చేతుల్తో కాన్వెంటుకి పోయారు. ప్రేయర్లో లైన్లోంచి బయటికి లాగి నిలబెట్టారు. ఎరుపు పోయేదాకా ఆ పిల్లలు అరచేతులు బెంచీ కింద దాచుకున్నారు. హిందూ పిల్లలకీ అదే రూలు కదా అంటారు. అదే రూలు. కాకపోతే వాళ్ల దసరాకి బడికి రోజుల తరబడి సెలవులు. గోరింటాకు ఇంట్లోనే వెలిసిపోతుంది. మా ఈద్‌కి ఒక్కరోజు. రూలు ఒక్కటే, క్యాలెండరే మాది కాదు.

అందుకే 2022లో కర్ణాటకలో జరిగింది మాకు కొత్తగా అనిపించలేదు. ఉడుపిలో ప్రభుత్వ జూనియర్ కాలేజీ ఆడపిల్లలు అడిగింది ఏమిటి? యూనిఫాం వద్దనలేదు. దాని రంగు గుడ్డే తలమీద కప్పుకుంటామన్నారు. కేంద్రీయ విద్యాలయాల యూనిఫాంలో ముస్లిం పిల్లలకు ఆ స్కార్ఫు ఉండనే ఉంది. సిక్కు పిల్లాడికి తలపాగా ఉంది. అయినా ఫిబ్రవరి 5న అక్కడి ప్రభుత్వం ఉత్తర్వు తెచ్చింది. సమానత్వానికీ, సమగ్రతకూ, శాంతిభద్రతలకూ భంగం కలిగించే బట్టలు వేసుకోరాదట! మూరెడు గుడ్డ సమానత్వాన్ని ఎట్లా భంగపరుస్తుందో మాకు బోధపడలేదు. బొట్టు, గాజులు, చేతికి కట్టిన ఎర్రదారం ఎవరికీ కనపడలేదు. అవి ‘మామూలు’. మాదే ‘మతం’.

మార్చి 15న హైకోర్టు ఆ ఉత్తర్వుని సమర్థించింది. కోర్టులూ, యుద్ధ కేంద్రాలూ, సైనిక శిబిరాల వరసలో బడినీ చేర్చింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరోమాట చెప్పారు. హేమంత్ గుప్తా అప్పీళ్లు కొట్టేశారు. సుధాంశు ధూలియా మాత్రం బడిని జైలుతోనూ సైనిక శిబిరంతోనూ పోల్చడం సరికాదన్నారు. ఇలా చేసి ఆ ఆడపిల్లల బతుకుని ఏమైనా బాగుచేస్తున్నామా అని అడిగారు. కేసు పెద్ద బెంచికి పోయింది.

మాలో మాకు జగడం లేదా? ఉంది. బురఖా మీద మా ఆడవాళ్లే మాట్లాడారు. షాజహానా తన కవితల పుస్తకానికి ‘నఖాబ్’ అనే పేరు పెట్టి 2005లోనే అచ్చేసింది. స్కర్టు యూనిఫాం అని ఏడో తరగతితోనే ఆడపిల్లని బడి మాన్పించిన అబ్బాలు మా ఇళ్లలోనే ఉన్నారు. వాళ్లని మేం వెనకేసుకు రావడం లేదు. సల్వార్ కమీజ్ యూనిఫాం పెట్టిన బళ్లలో అదే ఇళ్ల పిల్లలు పది దాటారు. తల కప్పుకోమని ఇంట్లో ఒకడు, విప్పమని గేటు దగ్గర ఒకడు. ఇద్దరూ ఆ పిల్లని అడగరు. ఆమె ఆ గుడ్డని ఎందుకు కప్పుకుందో, ఒకనాడు తనంతట తను ఎందుకు తీసేస్తుందో తేల్చుకోవడానికి కావాల్సిందే ఆ చదువు. దాన్నే ఆపారు.

ఆ ఫిబ్రవరిలో మండ్యలో ఒక బడి గేటు ముందు టీవీ కెమెరాలు పెట్టారు. పిల్లలు వాటి ఎదుటే స్కార్ఫులు విప్పి లోపలికి పోయారు. పిల్లలతోపాటు టీచర్లూ గేటు దగ్గరే విప్పాల్సి వచ్చింది. ఒంటి మీద గుడ్డని దొంగసొత్తులా మడిచి సంచిలో పెట్టుకున్న పిల్ల ఆ రోజు క్లాసులో ఏ పాఠం విని ఉంటుంది? పక్క బెంచీ పిల్ల ఏం నేర్చుకుని ఉంటుంది? ఎవరిది విప్పించవచ్చో ఆ పిల్లకీ తెలిసిపోయింది.

ఏప్రిల్ 22న సెకండ్ పీయూ పరీక్షలు మొదలయ్యాయి. కేసు వేసిన వాళ్లలో ఇద్దరు పిల్లలు ఉడుపిలో హాల్ టికెట్లు తీసుకుని సెంటర్ దాకా పోయారు. తల మీద గుడ్డతో కూర్చోనివ్వమన్నారు. పరీక్ష రాయకుండానే ఇద్దరూ వెనక్కి తిరిగారు.