పూలతోట పోలికలో లోపం

సూరత్‌లో గోడాదరా, లింబాయత్ వైపు తెలుగువారి సభల్లో ఒక పోలిక తరచూ వినబడుతుంది. ప్రకృతిని చూసి నేర్చుకోండి, ఒకే తోటలో మల్లె, బంతి, చామంతి కలిసి పూస్తాయి, మన కులాలూ అలాంటివే, ఎవరి రంగు వారిది, ఎవరి వాసన వారిది, అన్నీ కలిస్తేనే దండ అని వక్తలు చెబుతారు. చప్పట్లు మోగుతాయి. ఆదివారం పిల్లల ధమ్మ తరగతుల్లో మేము కూడా కొన్నేళ్లు ఇదే పోలిక చెప్పాం. అది తప్పని ఇప్పుడు అనుకుంటున్నాం. ఎందుకో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సాంచాల మీద పనిచేసే ఒక యువకుడు ఊరి నుంచి భార్యాబిడ్డలను తెచ్చుకుంటూ, కిరాయికి గది చూపించమని మమ్మల్ని అడిగాడు. గోడాదరాలో తెలుగువారి ఇంట్లోనే ఒకటి దొరికింది. మన జిల్లావాళ్లేనని ఇంటాయన సంతోషించాడు, చాయ్ ఇప్పించాడు. అడ్వాన్సు మాట కూడా అయ్యాక "ఇంతకీ మీరెవలు?" అన్నాడు. ఆ ప్రశ్నకు మన దగ్గర ఒక్కటే అర్థం. యువకుడు దాచకుండా చెప్పాడు. ఇంటాయన కోప్పడలేదు, తిట్టలేదు. మా వైపు తిరిగి "ఏమనుకోకుండ్రి సార్, ఎవల పద్ధతులు వాళ్లయి గదా" అన్నాడు. గది మాత్రం ఇవ్వలేదు.

మెట్లు దిగుతుంటే మాకు తట్టింది, ఆయన అన్నది మా తోట పోలికే. ఎవరి రంగు వారిదని మేము పిల్లలకు చెప్పిన మాటనే ఆయన తలుపు వేయడానికి వాడుకున్నాడు.

మల్లె, బంతి నిజంగానే వేర్వేరు జాతుల మొక్కలు. మల్లెకొమ్మకు బంతిపువ్వు పూయదు. కులాలను పూలతో పోల్చామంటే మనుషులు పుట్టుకతోనే వేర్వేరు జాతులని ఒప్పుకున్నట్టే. ఆ తర్వాత ఎంత ప్రేమగా మాట్లాడినా మడికీ మడికీ మధ్య గట్టు ఉండనే ఉంటుంది. పైగా ప్రకృతిలో పూలతోట ఒక్కటే లేదు. చెరువులో పెద్ద చేప చిన్న చేపను మింగుతుంది, దానికీ మత్స్యన్యాయమని పేరు పెట్టుకున్నాం. తోటను చూపి సామరస్యం చెప్పేవారికి, చెరువును చూపి పెత్తనం చెప్పేవారు సులువుగా జవాబివ్వగలరు.

ఇక్కడే వాసెట్ఠ సుత్తాన్ని శ్రద్ధగా చదవాలి. ఇది సుత్తనిపాతంలోనూ, మజ్ఝిమ నికాయంలో 98వ సుత్తంగానూ ఉంది. ఇచ్ఛానంగలం దగ్గర వాసెట్ఠుడు, భారద్వాజుడు అనే ఇద్దరు బ్రాహ్మణ యువకులు వాదించుకుంటారు. బ్రాహ్మణుడయ్యేది పుట్టుకతోనని ఒకరు, నడవడితోనని మరొకరు. తేలక భగవానుని దగ్గరకు వస్తారు. ఆయన ముందు ప్రకృతినే చూపిస్తాడు. గడ్డి, చెట్లు, పురుగులు, చీమలు, నాలుగు కాళ్ల జంతువులు, పాములు, చేపలు, పక్షులు, వీటన్నిటిలో జాతికో గుర్తు ఉందంటాడు. అక్కడి వైవిధ్యాన్ని ఆయన కాదనడు. ఆ వెంటనే మనిషి దగ్గరకు వస్తాడు. జుట్టు, చెవులు, కళ్లు, పెదవులు, మెడ, వీపు, చేతులు, కాళ్లు ఒక్కొక్కటే పేరుపెట్టి అడిగి, వీటిలో జాతిని వేరుచేసే గుర్తు ఏదీ లేదంటాడు. మనుషుల్లో తేడా పేరుకే ఉంది. పొలంతో బతికేవాణ్ణి రైతు అంటాం, చేతిపనితో బతికేవాణ్ణి పనివాడు అంటాం, అంతే.

గమనించండి, మన వక్తలు ప్రకృతిని ఉపమానంగా తెస్తే తథాగతుడు దాన్ని భేదం చూపడానికి తెచ్చాడు. ప్రకృతిలాగే మనమూ అని ఆయన అనలేదు, ఈ ఒక్క విషయంలో మనం ప్రకృతిలా లేమన్నాడు. ఇవాళ్టి జీవశాస్త్రమూ అదే వైపుంది. ఏ ఇద్దరు మనుషులను తీసుకున్నా డి.ఎన్.ఎ. దాదాపు 99.9 శాతం ఒకటే.

తెలుగులో ఈ సంగతిని జాషువా 1941 నాటి 'గబ్బిలం'లో మరో దారిన పట్టుకున్నాడు. గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలో స్వేచ్ఛగా తిరిగే గబ్బిలం చేత కాశీలోని శివుడికి సందేశం పంపుతాడు. వేరే జాతి ప్రాణికి గర్భగుడి తెరిచి ఉంది, సొంత జాతివాడికి మూసి ఉంది. కాబట్టి మన జబ్బు భిన్నత్వాన్ని సహించలేకపోవడం కాదు. పిల్లిని, చిలుకను ఇంట్లో పెంచుకుంటూనే ఉన్నాం. లేని భిన్నత్వాన్ని కల్పించుకుని దానికి కాపలా కాయడమే జబ్బు. అందుకని వైవిధ్యాన్ని గౌరవించండన్న ఉపదేశం ఆ ఇంటాయనను తాకదు. గౌరవిస్తూనే గది లేదంటాడు.

న్యాయశాస్త్రం చదివిన మాకు ఇంకో సంగతి కూడా తోస్తుంది. రాజ్యాంగం 341వ అధికరణ కింద షెడ్యూల్డ్ కులాల జాబితా రాష్ట్రం రాష్ట్రానికి వేరు. ఒక రాష్ట్రంలో ఆ హోదా ఉన్నవారు మరో రాష్ట్రానికి వలసపోతే అక్కడ దాన్ని కోరలేరని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పిచ్చుక సిరిసిల్లలోనూ పిచ్చుకే, సూరత్‌లోనూ పిచ్చుకే. కులం అలాంటిది కాదు, అది సామాజిక పరిస్థితి అని చట్టానికీ తెలుసు. కానీ ధ్రువపత్రం దాటలేని సరిహద్దును "మీరెవలు?" అన్న ప్రశ్న టికెట్టు లేకుండా దాటి వచ్చింది.

తోట మాట వచ్చింది కాబట్టి ఒక నిజమైన తోటను తలుచుకోవాలి. సూరత్ నుంచి రైల్లో రెండు గంటల దూరాన బరోడాలో ఉంది. 1917లో బాబాసాహెబ్ అంబేడ్కర్ అక్కడ ఉద్యోగంలో చేరి, పారశీకుల వసతిగృహంలో ఉండగా కర్రలతో వచ్చినవారు ఖాళీ చేయమన్నారు. స్నేహితుల ఇళ్లలోనూ చోటు దొరకలేదు. బొంబాయి రైలుకు ఇంకా అయిదు గంటలుంటే కమాఠీ బాగ్ అనే ఆ తోటలో కూర్చుని గడిపాడు. అక్కడి చెట్లు ఆయన కులం అడగలేదు. నీడనిచ్చాయి. గది మాత్రం చెట్లు ఇవ్వలేవు, మనుషులే ఇవ్వాలి.

ఆ చోటు ఎలా ఇవ్వాలో సంఘం చేసి చూపింది. శాక్య రాజకుమారులు భిక్షువులు కావడానికి వచ్చినప్పుడు, తమ మంగలి ఉపాలికి ముందుగా దీక్ష ఇవ్వమని వారే వేడుకున్నారు. అతను పెద్దవాడైతే తాము మొక్కాలి, అలాగైనా శాక్యులమన్న గర్వం అణగాలని వారి కోరిక. నదులు సముద్రంలో కలిసి పేర్లు విడిచినట్టు సంఘంలో చేరినవారు వర్ణాలను విడుస్తారని భగవానుడు అన్నది ఇందుకే. అలాగని తెలుగు మానెయ్యమనో, బతుకమ్మ పాట మరిచిపొమ్మనో కాదు. భాష, వంట, నేత మనం నేర్చుకున్నవి, ఇంకొకరికి నేర్పగలిగినవి. విడవాల్సింది ఎవరికీ నేర్పలేని ఆ పుట్టుక మెట్టునే.

ఆ కుటుంబానికి తర్వాత వేరే వీధిలో గది దొరికింది. ఆ ఇంటివాళ్లు రెండే అడిగారు: ఎంతమంది ఉంటారు, కరెంటు బిల్లు ఎవరు కడతారు?

మా ఆదివారం తరగతిలో ఇప్పుడు పూలదండ కథ చెప్పడం లేదు. పిల్లలను వేప, రావి, మామిడి ఆకులు తెమ్మంటాం. ఏది ఏ చెట్టుదో ఇట్టే చెబుతారు. తర్వాత అందరినీ అరచేతులు చాపమంటాం. ఏది ఏ కులం చెయ్యో చెప్పమంటాం. పిల్లలు ఒకరి చేతులు ఒకరు పట్టుకుని చాలాసేపు వెతుకుతారు.

నమో బుద్ధాయ. జై భీమ్.