రెండు గుమ్మాల ముందూ ఒకే మాట

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో ఒకే వాడలో పక్కపక్కనే ఉండేవి రెండు ఇళ్లు. ఒక ఇంటి కొడుకు అన్నల్లో, అంటే నక్సలైట్లలో, కలిసి అడవికి పోయాడు. పక్కింటి కొడుకు కానిస్టేబులయ్యాడు, లేదా పోలీసు ఇన్‌ఫార్మరన్న ముద్ర పడి అన్నల చేతిలోనే పోయాడు. ఎవరి ఇంటికి పరామర్శకు పోయినా ఎవరు చూస్తారోనన్న భయమే. చావింట్లో కూడా గొంతెత్తి ఏడవలేని కాలమది. ఆ అణిగిన దుఃఖం దగ్గరికి చెవి పెట్టినవాళ్లు కొందరున్నారు. ఎస్.ఆర్. శంకరన్ కన్వీనర్‌గా 1997లో ఏర్పడిన పౌర స్పందన వేదిక వాళ్లది. కన్నబిరాన్ వకీలు, పొత్తూరి వెంకటేశ్వరరావు సంపాదకుడు, హరగోపాల్ ఆచార్యుడు. ఎవరి విద్య వాళ్లదే.

శంకరన్‌కు ఈ కథ మొదలు కూడా తెలుసు. వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చిన 1976 నాళ్లలో దాన్ని కాగితం మీద నుంచి జీతగాళ్ల దాకా తెచ్చేందుకు పాటుపడిన అధికారి ఆయన. రెండేళ్లకు, 1978 సెప్టెంబరు 7న, జగిత్యాలలో కూలీల జైత్రయాత్ర జరిగింది. అక్టోబరులోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కల్లోలిత ప్రాంతాలయ్యాయి. 1987 డిసెంబరులో గుర్తేడు దగ్గర నక్సలైట్లు శంకరన్‌నే బందీగా పట్టుకున్నారు. అదే మనిషి పదేళ్ల తరువాత ఇరువైపులా మాట్లాడటానికి బయలుదేరాడు, పగ పెట్టుకోకుండా.

వేదిక పనితనం దాని నివేదికల్లో, ఉత్తరాల్లో కనిపిస్తుంది. ఇద్దరినీ ఒకే కర్రతో కొట్టే మొక్కుబడి సమన్యాయం కాదది. ప్రభుత్వాన్ని అడిగింది రాజ్యాంగం పేరిట: విచారణ లేకుండా చంపే అధికారం నీకెక్కడిది? నక్సలైట్ల పార్టీని అడిగింది దాని సొంత మాట పేరిట: పేదల కోసమంటూ పేదవాణ్ని ఇన్‌ఫార్మరని ఎట్లా చంపుతావు? ఎవరికి ఏ అద్దం పట్టాలో తెలియడం చిన్న విద్య కాదు. ఉత్తరాల్లో మర్యాద తగ్గదు, నిలదీత ఆగదు.

మనిషి ఉన్నాడో లేడో తేలని నష్టం తీరే వేరని అమెరికన్ పరిశోధకురాలు పౌలీన్ బాస్ రాసింది. కర్మ చేయలేరు, ఆశ వదలలేరు. అడవికి పోయిన కొడుకున్న ఇంట్లో ఎన్‌కౌంటర్ వార్త వచ్చిన ప్రతిసారీ ఇదే నరకం: పేపరు తెరవాలి, తెరవాలంటే చేతులాడవు. శవమైనా దక్కాలని 2002 జులైలో అమరుల బంధు మిత్రుల సంఘం పెట్టుకున్నారు ఆ కుటుంబాల వాళ్లు. పక్కింట్లో, ఇన్‌ఫార్మర్ ముద్ర పడిన ఇంట్లో, శవం దొరికింది గాని పరువు దొరకలేదు. వాళ్లకు సంఘమూ లేదు, స్తూపమూ లేదు. నా మట్టుకు, వేదిక నివేదికల బరువంతా ఆ రెండో ఇంటినీ లెక్కలోకి తేవడంలోనే ఉంది.

ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య 2004 అక్టోబరులో చర్చలు నాలుగు రోజులు సాగాయి, జనవరికల్లా తెగిపోయాయి. దాన్నిబట్టి వేదిక ఓడిందనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. తుపాకులు మాట్లాడే చోట మనుషుల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టిందే ఏళ్ల తరబడి సాగిన ఆ ఉత్తరాల పని.

తన కొడుకు ఎట్లా పోయాడో ఎవరైనా విచారించి రాయాలన్నదే ఏ తల్లయినా అడిగేది. 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం ప్రతి ఎన్‌కౌంటర్ చావు మీదా కేసు పెట్టి దర్యాప్తు చేయాలంది. కొద్ది వారాలకే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది.