స్లాబు మీద సున్నం

మా వైపు బడి గోడల మీద బొమ్మలకు కొదవ లేదు. పచ్చని చెట్టు, చెమటలు కక్కుతున్న భూగోళం, కింద పర్యావరణాన్ని కాపాడుకుందాం అన్న నినాదం. ఏప్రిల్‌లో పదకొండు గంటలవేళ ఆ గోడ పక్కన కూర్చున్న పిల్లవాడికి భూమి వేడెక్కుతోందని ఎవరూ చెప్పనక్కర్లేదు. చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంటుంది. గోడకు రంగు వేయించినవాళ్లు అదే నిచ్చెనతో మేడ కూడా ఎక్కి ఉంటే ఎంత బాగుండేదో! పైకప్పు దారిన పోయేవాళ్లకు కనబడదు. అందుకే దానికి సున్నం కొట్టించాలని ఎవరికీ తోచదు.

ఖమ్మం చుట్టుపక్కల బడుల్లో సైన్సు చెబుతూ వచ్చిన నాకు, శివరాత్రి దాటగానే స్లాబుకు సున్నం కొట్టించడం అలవాటైంది. మార్చి నడిమికి ఒంటిపూట బడులు మొదలవుతాయి. పూత అప్పటికి ఆరి ఉండాలి.

పని తీరు పాతదే. రాతి సున్నాన్ని ముందు రోజు ఇనప డ్రమ్ములో నానబెడతారు. నీళ్లు పడగానే బుసబుసా పొంగుతుంది, డ్రమ్ము చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది. కంట్లో చుక్క పడినా ప్రమాదమే కాబట్టి పిల్లల్ని దూరంగా వరండాలో నిలబెడతాం. మేడ ఎక్కడం పెద్దల వంతు. మర్నాడు చల్లారిన సున్నాన్ని పల్చటి గుడ్డలో వడకట్టి, తుమ్మజిగురు కలుపుతారు. స్లాబు ఊడ్చి, నాచు గీకి, నీళ్లతో తడిపాకే పూత. "పొడి స్లాబు మీద కొడితే పట్టదు సారూ, పెచ్చులూడిపోద్ది" అంటాడు మేస్త్రీ. ఒక పూత ఆరాక మరొకటి.

పదో తరగతి రసాయనశాస్త్రంలో మొదటి పాఠం ఇదే. పొడిసున్నం నీళ్లతో కలిసి వేడిని వదలడం, గోడకు పూసిన తడి సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని రెండుమూడు రోజుల్లో కాల్షియం కార్బొనేట్‌గా మారి మెరవడం, రెండూ పుస్తకంలో ఉన్నాయి. బోర్డు మీద సమీకరణం తూకం చేయడానికి బద్ధకించే పిల్లలు, డ్రమ్ము పొంగడం చూశాక వాళ్లంతట వాళ్లే బాణం గుర్తు గీస్తారు.

సున్నం కొట్టిన గది, కొట్టని గది పక్కపక్కన ఉంటే అంతకన్నా మంచి ప్రయోగశాల లేదు. రెండింటిలోనూ ఒకే ఎత్తున థర్మామీటర్లు వేలాడదీసి, పొద్దున బడి మొదలైనప్పుడు ఒకసారి, విడిచేముందు ఒకసారి పిల్లల చేత రాయిస్తాను. కిటికీ తెరిచిన గదిని మూసిన గదితో పోల్చకూడదని, ఒక్కరోజు తేడాను పట్టుకుని తీర్పు చెప్పకూడదని వాళ్లకు అక్కడే తెలుస్తుంది. వాతావరణ మార్పు పాఠంలో అన్నిటికన్నా కష్టమైన ముక్క అదే. ఒకనాటి ఎండ వేరు, ఏళ్ల తరబడి పేరుకునే లెక్క వేరు.

ఒకసారి ఓ అమ్మాయి అడిగింది: "సున్నం కాల్చేటప్పుడు కూడా ఆ గ్యాసే వస్తది కదా సార్?" నిజమే. సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల్లో కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. పూత గట్టిపడేటప్పుడు ఆ మేరకు తిరిగి లోపలికి వస్తుంది. బట్టీలో మండిన బొగ్గు పొగ మాత్రం తిరిగి రాదు. ఆ పూట పీరియడంతా ఆ జమాఖర్చుతోనే గడిచింది. చివరికి సిమెంటు దాకా వెళ్లాం. ప్రపంచం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 8 శాతం సిమెంటు తయారీదే. మమ్మల్ని ఉడికిస్తున్న స్లాబు పుట్టుక కూడా ఆ లెక్కలోదే.

పర్యావరణాన్ని బడుల్లో తప్పనిసరి పాఠం చేయాలని సుప్రీంకోర్టు 1991లోనే, ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో చెప్పింది. పాఠం వచ్చింది, ప్రశ్నలూ మార్కులూ వచ్చాయి. ఆ పాఠం వినే గదిని మాత్రం ఎవరూ సిలబస్‌లో చేర్చలేదు. ఏసీ లేని బడుల్లో ఏడాది సగటున 1 డిగ్రీ ఫారెన్‌హీట్ వేడి పెరిగితే ఆ ఏటి చదువు 1 శాతం తగ్గుతోందని, కోటి మంది విద్యార్థుల మార్కులను పరిశీలించిన అమెరికా అధ్యయనం 2020లో చెప్పింది. రామగుండం, కొత్తగూడెం, రెంటచింతల ఎండలు తెలిసిన మనకు ఆ మాట వింతేమీ కాదు.

మందు కూడా కొత్తది కాదు. 2017లో హైదరాబాద్ దేవరకొండ బస్తీలో పాతిక పేద ఇళ్ల కప్పుల మీద ఎండను తిప్పికొట్టే తెల్లటి పొర పరిచి చూస్తే, లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చి, ప్రభుత్వ భవనాలన్నిటికీ దాన్ని తప్పనిసరి చేసింది. సర్కారు బడీ ప్రభుత్వ భవనమే.

ఒంటిపూట బడితో సమస్య తీరిందనుకుంటాం. స్లాబు పగలంతా మింగిన ఎండను సాయంత్రం నుంచి కిందికి వదులుతుంది. ఇంటికెళ్లే పిల్లలు పన్నెండున్నరకే తప్పించుకుంటారు. తెలంగాణలో వెయ్యి దాటిన గురుకులాల్లో చాలామంది పిల్లలు రాత్రి పడుకునేది అలాంటి స్లాబు కిందే. సున్నం ముందుగా పడాల్సింది అక్కడ.

సున్నానికి హద్దులున్నాయి. వానాకాలానికి సగం కొట్టుకుపోతుంది, దుమ్ముకు మాసిపోతుంది, ఏటా మళ్లీ కొట్టాలి. కారే స్లాబుకు ముందు మరమ్మతు కావాలి. కూల్ రూఫ్ పెయింటు ఎక్కువ కాలం నిలుస్తుంది కానీ ఖరీదెక్కువ. సమగ్ర శిక్ష కింద 30 మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి వచ్చేది 10 వేల రూపాయలు, 100 మంది లోపైతే 25 వేలు. సుద్దముక్కలు, రిజిస్టర్లు అన్నీ అందులోంచే. హెడ్మాస్టరుకు పైకప్పు గుర్తు రాలేదంటే తప్పు పట్టలేం. అందుకే దాన్ని ఒకరి ఉత్సాహానికి వదిలేయకూడదు. బడి మరమ్మతుల అంచనాలో గోడల రంగుకు ఒక వరుస ఉన్నట్టే, పైకప్పు సున్నానికీ ఒక వరుస ఉండాలి.

తల్లిదండ్రుల కమిటీ సమావేశం పెట్టినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "ఈ ఏడు స్లాబుకు ఎంత రాశారు?" సమాధానం సున్నా అయితే, గోడ మీది భూగోళం బొమ్మకు ఖర్చు పెట్టబోయే డబ్బును ఈసారి మేడ మీదికి పంపమనండి.